కర్చీఫ్ వేసిన ఫైల్

హెబ్రోను చనిపోయిన తర్వాత కూడా అతని సీట్లో ఎవరూ కూర్చోలేదు.

గూడూరు నుంచి వాకాడు పోయే ఆర్టీసీ బస్సది. కోట సెంటర్లో జడ్సన్ ఎక్కేటప్పటికి లోపల కాలు పెట్టే చోటు లేదు. చంకల్లో పిల్లలు, కాళ్ల మధ్య ఎరువు సంచులు, పై రాడ్ పట్టుకొని వేలాడే కాలేజీ కుర్రాళ్లు. ఇంత రద్దీలోనూ ఎడమవైపు కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద నీలం గళ్ల కర్చీఫ్ మడత పెట్టి ఉంది.

"ఎవురిది అమ్మా ఈ సీటు?" అని అడిగాడు జడ్సన్.

పక్కన కూర్చున్న పెద్దావిడ జరిగి చోటిచ్చింది. "ఎవురో మనిషి గూడూర్లో కిటికీలోంచి కర్చీఫ్ ఏసినాడు నాయనా. టికెట్టు కూడా తీసుకున్నాడు. నీళ్ల బాటిలు తెచ్చుకుంటానని పోయి మళ్లా రాలా. ఆటోలో వచ్చి దార్లో అందుకుంటాడేమోనని అట్నే ఉంచినాం."

"నా కోసమే వేసినాడులేమ్మా" అని జడ్సన్ కూర్చున్నాడు.

కర్చీఫ్ అంచు కుట్టులో గట్టిగా గోరంత మెమరీ కార్డు తగిలింది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఇంతకంటే భద్రమైన పోస్టు డబ్బా లేదు. పరాయి మనిషి బ్యాగు తెరిచి చూసేవాళ్లు ఉంటారు, ఫోన్ కొట్టేసేవాళ్లు ఉంటారు. బస్సు సీటు మీద కర్చీఫ్‌ను మాత్రం మన వైపు ఎవరూ ముట్టుకోరు. ఆ పద్ధతి జడ్సనే కనిపెట్టాడు. అయితే కర్చీఫ్‌తో పాటు మనిషి కూడా రావాలి. రాలేదంటే ఏమైందో జడ్సన్‌కి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బస్సు వాకాడు చేరకముందే మెసేజ్ వచ్చింది. గూడూరు బస్టాండు వెనక గోడ దగ్గర హెబ్రోను శవమై దొరికాడు. గుండెపోటని రాస్తారు. మెడ వెనక సూది గుచ్చిన చుక్క గురించి ఎవరూ రాయరు. హెబ్రోను నెమ్మదస్తుడు, ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు భోంచేశారా అని అడిగేవాడు. జడ్సన్‌కి ఏడుపొచ్చింది. పదిమందీ చూస్తారని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

*

వాకాడులో రొయ్యల మేత గోడౌన్ ఒకటి ఉంది. బయట బోర్డు మేతదే, లోపల సగం బస్తాలు కూడా మేతవే. మిగతా సగం వెనక పద్మనాభయ్య కూర్చుంటాడు. జడ్సన్‌కి పై అధికారి. షుగరు, బీపీ, ఢిల్లీ నుంచి ఫోన్లు, ఈ మూడూ కలిసి ఆయన్ని ఏనాడో పిండేశాయి.

"రొయ్యకి మేత ఎప్పుడేస్తారు?" అన్నాడు పద్మనాభయ్య.

"సార్, మోకాళ్లు లాగేస్తుండాయి. కుర్చీ ఇప్పించండి."

"కోడ్ చెప్పవయ్యా ముందు."

"ఇరవై ఏళ్లుగా నా మొహం చూస్తుండారు కదా సార్."

"రూలు రూలే."

"పోటు తగ్గినాక" అని కోడ్ అప్పజెప్పి, బస్తా మీదే కూలబడ్డాడు జడ్సన్. రిటైర్మెంటు కోసం అతను పెట్టిన దరఖాస్తు పద్మనాభయ్య టేబుల్ మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు మరక కూడా పడింది. ఇద్దరూ దాన్ని చూడనట్టు నటించారు.

కార్డులో ఉన్నది ఆ మధ్యాహ్నమే విప్పారు. పద్మనాభయ్య బ్రీఫింగ్ ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే ఉంటుంది.

"ఆపరేషన్ పేరు గూడబాతు. విదేశీ ముఠా. టార్గెట్, కృష్ణపట్నానికి దిగువన ఉన్న ప్రైవేటు అమోనియా టెర్మినల్. చూసినావా?"

"మా అక్క వాళ్ల పాళెం నుంచి ట్యాంకులు కనపడతాయి సార్. బట్టలు ఆరేసుకుంటూ రోజూ చూస్తది."

పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు. "రేపు మధ్యాహ్నం ఓడ వచ్చి ట్యాంకు నింపుతుంది. ట్యాంకును చూసుకొనే కంట్రోలర్‌లో రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అంటే ఏ పని ఏ గడువులో జరగాలో ఆ గడువులో జరిగి తీరాలి. దాంట్లో లిమిట్స్ ఫైల్ ఒకటుంది. ప్రెజర్ ఎంత పెరిగితే సేఫ్టీ వాల్వు తెరవాలో ఆ ఫైల్ చెప్తుంది. ముఠా ఆ నంబర్లు మార్చేస్తుంది. వాల్వు తెరుచుకోదు. ట్యాంకు పగిలి విషవాయువు బయటికొస్తుంది."

"మధ్యాహ్నం గాలి సముద్రం మీది నుంచి కదా సార్."

"అవును. పాళెం వైపే."

ఆ పని చేసేది హెబ్రోను రాసిన ప్రోగ్రామే. టెర్మినల్ సాఫ్ట్‌వేర్ రాసింది అతనే కాబట్టి, పిల్లల్ని చంపుతామని బెదిరించి ముఠా అతనితోనే రాయించుకుంది. దాని నకలే అతను కార్డులో పెట్టి పంపాడు. అది కంట్రోలర్‌లో పడుకొని ఉంది. ఓడలోని సెకండ్ ఆఫీసర్ ముఠా మనిషి. అతను శాటిలైట్ ఫోన్ నుంచి సిగ్నల్ పంపగానే అది లేచి ఫైల్ తిరగరాస్తుంది.

"తీసి పారేద్దాం దాన్ని."

"ముట్టుకుంటే ఓడకి తెలిసిపోతుంది."

"పాళెం ఖాళీ చేయిద్దాం."

"అదీ తెలిసిపోతుంది. ఢిల్లీకి ఆ సెకండ్ ఆఫీసర్ కావాలి. సిగ్నల్ పంపుతూ చేతిలో ఫోన్‌తో దొరకాలంట." చెప్తూ పద్మనాభయ్య తల వంచుకున్నాడు. "నాకూ నచ్చలేదయ్యా. రెండుసార్లు చెప్పి చూసినాను."

జడ్సన్ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కొని హెబ్రోను కోడ్ చదివాడు. ఒక చోట ఆగి మళ్లీ చదివాడు. అతని మొహంలోకి కాస్త రక్తం వచ్చింది.

"సార్, ఇది రాసే ముందు ఫైల్ లాక్ అడుగుతుంది."

"అడిగితే?"

"ఈ సిస్టమ్‌లో ఫైల్ లాక్ అంటే బస్సు సీటు మీద కర్చీఫ్ సార్. అడిగేవాడినే ఆపుతుంది. అడక్కుండా కూర్చునేవాడిని ఆపదు. ముఠా వాళ్లు రాసుకొని ఉంటే అడక్కుండానే రాసేవాళ్లు. ఇది గూడూరు బస్టాండులో పెరిగిన మనిషి రాసినాడు. దొంగ పనికి కూడా అలవాటు కొద్దీ లాక్ అడిగినాడు. ముందు మనం లాక్ వేసుకుంటే ఇది నిలబడి ఎదురు చూస్తుంది."

"కావాలనే పెట్టినాడంటావా?"

"చనిపోయినాడు కదా సార్. ఎవురిని అడుగుదాం."

పద్మనాభయ్య లోపలికి వెళ్లి ఒక పెట్టె తెచ్చాడు. చూసేవాళ్లకి అది యూపీఎస్ టెస్టర్. కంట్రోలర్ మెయింటెనెన్స్ పోర్టుకి తగిలిస్తే ఫైల్ మీద లాక్ వేసి పట్టుకుంటుంది. లాక్ ఉన్నంతసేపు పచ్చ లైటు వెలుగుతుంది.

"చదివేవాళ్ల లాక్ వెయ్యి. చదివేవాళ్లు ఎంతమందైనా కలిసి కూర్చోవచ్చు, కాబట్టి సేఫ్టీ ప్రోగ్రామ్ తన నంబర్లు తను చదువుకుంటుంది. రాసేవాడు మాత్రం అందరూ లేచేదాకా ఆగాలి. ఇక ప్రయారిటీ. ఈ సిస్టమ్‌లో ముందొచ్చినవాడిది కాదు వంతు, పెద్ద ప్రయారిటీ వాడిది. అవసరమైతే హెబ్రోను ప్రోగ్రామ్ కంటే ఒక మెట్టు పైన పెట్టుకో. సేఫ్టీ ప్రోగ్రామ్‌ని మాత్రం దాటొద్దు. దాన్ని ఆపినావంటే ట్యాంకు మనమే పగలగొట్టినట్టు."

"ఇంకేమన్నా?"

"ఇంకోటుంది. ఈ పెట్టెలో నుంచి అదే ఫైల్‌ని చూద్దామని ఇంకోసారి తెరిచి మూసినావా, ముందు వేసిన లాక్ కూడా పోతుంది."

"అదేం రూలు సార్?"

"ఎవడు పెట్టినాడో, పాత రూలు. అందరూ తిట్టుకుంటారు, ఎవరూ మార్చరు." జడ్సన్ తన దరఖాస్తు వైపు చూశాడు. పద్మనాభయ్య తొందరగా మాట మార్చాడు. "లోపలికి తీసుకెళ్లేది ఏంజెలిన్."

ఏంజెలిన్ ముఠాలో మన మనిషి. మనలో ముఠా మనిషి అని కూడా కొందరు అంటారు. ఓడ వచ్చే రోజు చెప్పింది ఆమే. హెబ్రోను గూడూరు వస్తున్న సంగతి తెలిసిన కొద్దిమందిలోనూ ఆమె ఉంది. రెండేళ్ల కిందట వేరే కేసులో భుజానికి గుండు తగిలినప్పుడు జడ్సన్ ఆమెను రెబెక్కమ్మ ఇంట్లోనే దాచాడు. రెబెక్కమ్మ అతని అక్క, తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఎండు చేపలు అమ్ముకుంటుంది. ఆ పిల్ల ఎవరని ఒక్క మాట అడక్కుండా వారం పాటు కట్లు మార్చి, తల దువ్వి, అన్నం పెట్టింది.

"మీ అక్కకి చెప్పొద్దు జడ్సన్" అన్నాడు పద్మనాభయ్య. "నీ ఫోన్ వాళ్లు వింటుండొచ్చు."

"తెలుసు సార్."

"ప్రమాణం చెయ్యి."

"మేము ప్రమాణాలు చెయ్యం సార్. అవునంటే అవునే" అని లేచాడు జడ్సన్. అవునన్నందుకు ఆ క్షణంలో తన మీద తనకే అసహ్యం వేసింది.

*

మరునాడు మధ్యాహ్నం టెర్మినల్ గేటు దగ్గర జడ్సన్ ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్ స్క్రూడ్రైవర్, చెవిలో వినికిడి మిషన్‌తో నిలబడ్డాడు. వినికిడి మిషన్ అసలు ఇయర్‌పీస్. ఆ వయసుకి అది మారువేషంలా కూడా లేదు. ఏంజెలిన్ కారు దిగింది. కాటన్ చీర, నల్ల కళ్లద్దాలు, మెడలో సేఫ్టీ ఆడిటర్ కార్డు. సెక్యూరిటీ వాళ్లు ఆమెను చూసి జడ్సన్‌ను చూడ్డం మర్చిపోయారు.

"బాగున్నారా జడ్సన్ గారూ?" అంది కారిడార్లో, పెదాలు కదపకుండా.

"నడుస్తుండాది."

"అలసిపోయినట్టున్నారు."

"నువ్వూ అట్నే ఉండావు."

కళ్లద్దాలు తీసింది. నిజమే, కాటుక కింద కళ్లు గుంటలు పడి ఉన్నాయి. రెండు వైపులా అబద్ధాలు చెప్పే మనిషికి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది అనుకున్నాడు జడ్సన్. జాలి వేసింది, నమ్మకం మాత్రం కలగలేదు. పెట్టె గురించి, పచ్చ లైటు గురించి, ఫైల్ తెరిచి మూయకూడదన్న రూలు గురించి ఆమెకు నెమ్మదిగా చెప్పాడు. తల ఊపింది.

కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇంజినీర్ వాణి ఒక్కతే ఉంది. అద్దం అవతల జెట్టీ, జెట్టీకి ఆనుకొని ఓడ, ఓడ నుంచి ట్యాంకు దాకా మంచు పట్టిన తెల్లటి పైపు.

"యూపీఎస్ అన్నా మీరు? ఓడ పోయేదాకా ఏదీ ఆపొద్దు" అంది వాణి, స్క్రీన్ల మీది నుంచి కళ్లు తిప్పకుండా.

"ఆపనమ్మా. ఊరికే రీడింగ్ చూసుకుంటా" అని జడ్సన్ వెనక ర్యాక్ దగ్గర స్టూలు వేసుకున్నాడు. పెట్టె తగిలించాడు. లాక్ వేశాడు. పచ్చ లైటు వెలిగింది.

ఆ తర్వాత చేయాల్సింది ఏమీ లేదు. గూఢచారి పని అంతా చేజింగులు, కాల్పులు అనుకుంటారు జనం. నిజానికి ముప్పాతిక భాగం ఒక లైటు వంక చూస్తూ కూర్చోవడమే. జడ్సన్ నడుము పట్టేసింది. అక్క ఇప్పుడు ఏం చేస్తుంటుందో తెలుసు. చర్చి ముందర షామియానా కింద స్త్రీల కూడిక. పాళెంలో ఆడవాళ్లంతా అక్కడే ఉంటారు, చాపల మీద, పిల్లల్ని ఒళ్లో వేసుకొని. అక్క ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ముగించదు. అందరూ కళ్లు మూసుకొని ఉంటారు. గాలి వాసన మారినా వాళ్లకు వెంటనే తెలియదు.

"భయంగా ఉందా?" అంది ఏంజెలిన్.

"చాలా" అన్నాడు జడ్సన్. దాచేందుకు ఓపిక లేదు.

జేబులో ఫోన్ వణికింది. తీసి చూశాడు. అక్క. ఎత్తకూడదు. స్క్రీన్ మీద ఆ పేరు వెలుగుతూ ఆరుతూ ఉంటే చూస్తూ ఉండిపోయాడు. వేలు పచ్చ బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఒక్క మాట చాలు, షామియానా తీసేసి లోపలి రోడ్డు మీదకి నడవమంటే చాలు.

ఫోన్ ఆగింది. తల ఎత్తేసరికి ఏంజెలిన్ పెట్టె మీదకి వంగి ఉంది. చిన్న స్క్రీన్ మీద లిమిట్స్ ఫైల్ నంబర్లు కనపడుతున్నాయి.

"నంబర్లు ముందే మార్చేశారేమోనని చూస్తున్నా" అంది. మాట పూర్తికాకముందే ఫైల్ మూసింది.

పచ్చ లైటు ఆరిపోయింది.

అదే సమయానికి చెవిలో పద్మనాభయ్య గొంతు పలికింది. "ఓడ నుంచి సిగ్నల్ వచ్చేసింది. జడ్సన్, సిగ్నల్ వచ్చేసింది."

జడ్సన్ ఆమె చెయ్యి పక్కకు నెట్టాడు. లాక్ అని కొట్టాడు. ప్రయారిటీ ఎంత అని పెట్టె అడిగింది. ఊరికే ఎంటర్ నొక్కితే అన్నిటికంటే అడుగున పడుతుంది, హెబ్రోను ప్రోగ్రామ్ వెనకాల. కళ్లలోకి చెమట దిగి అంకెలు అలికినట్టున్నాయి. హెబ్రోను పెట్టిన నంబరు గుర్తుంది. దాని మీద ఒకటి వేశాడు. నొక్కాడు.

లైటు రాలేదు.

కంట్రోలర్ లోపల అప్పుడు జరిగింది ఇదీ. సిగ్నల్ అందుకొని హెబ్రోను ప్రోగ్రామ్ లేచింది. లాక్ ఖాళీగా ఉంది. వెళ్లి తీసుకోవడమే ఆలస్యం. కానీ ట్యాంకు నిండుతున్న వేళ. పంపులు, వాల్వులు, ప్రెజర్ మీటర్లు, అన్నీ దానికంటే పెద్ద ప్రయారిటీ వాళ్లే. ఎవరి గడువు వాళ్లది. కలెక్టరాఫీసులో సిఫారసు లేని మనిషిలాగా అది గుమ్మం దగ్గర నిలబడింది. దాని వంతు వచ్చేలోపు ఒక మెట్టు పైనున్నవాడు వచ్చి, తనకు చదువుకోవడానికి ఆ ఫైల్ కావాలన్నాడు. ఇచ్చేశారు. ఆ తర్వాత హెబ్రోను ప్రోగ్రామ్ లోపలికి వచ్చి, మర్యాదగా లాక్ అడిగింది. చదువుతున్నారు, ఆగు అని సమాధానం వచ్చింది. ఆగింది.

పచ్చ లైటు వెలిగింది.

జడ్సన్ స్టూలు మీద నుంచి జారి నేల మీద కూర్చున్నాడు. పెట్టెను చిన్నపిల్లలా ఒళ్లోకి లాక్కున్నాడు.

"పడిపోయినారా అన్నా?" అంది వాణి, తల తిప్పకుండానే.

"నేలైతే చల్లగా ఉంటదమ్మా."

*

కోస్ట్ గార్డ్ వాళ్లు ఓడ ఎక్కేటప్పటికి సెకండ్ ఆఫీసర్ అదే ఫోన్ మళ్లీ మళ్లీ నొక్కుతూ దొరికాడు. ఢిల్లీ కోరిక తీరింది. ట్యాంకు నింపడం ముగిసి, పైపు విప్పి, వాల్వులు చేత్తో బిగించి, మన నిపుణులు వచ్చి హెబ్రోను ప్రోగ్రామ్‌ను తీసేదాకా జడ్సన్ ఆ నేల మీది నుంచి లేవలేదు. లేచేటప్పుడు ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది.

ఏంజెలిన్ కారిడార్లో బెంచీ మీద ఉంది, పక్కన మహిళా కానిస్టేబుల్. పారిపోవడానికి బోలెడంత సమయం ఉండింది. పోలేదు.

"ఎందుకు తెరిచినావు?" అని అడిగాడు జడ్సన్.

"పొరపాటు."

"రూలు చెప్పినాను నీకు. తల ఊపినావు."

"అలసిపోయి ఉన్నాను జడ్సన్ గారూ. ఎటు వైపు ఏం చెప్పానో, ఎవరు ఏం చెప్పారో ఒక్కోసారి గుర్తుండదు."

"హెబ్రోను సంగతి కూడా పొరపాటేనా?"

ఆమె నల్ల కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "మీ అక్క బాగున్నారా?" అని అడిగింది.

జడ్సన్‌కి ఒళ్లు మండిపోయింది. "మా అక్క మాట నీ నోటితో అనొద్దు" అని, కానిస్టేబుల్‌కి సైగ చేసి, వెనక్కి చూడకుండా నడిచాడు.

జీపులో పద్మనాభయ్య ముందు సీట్లో రిపోర్టు రాయిస్తున్నాడు. జడ్సన్ వెనక కూర్చొని అక్కకి ఫోన్ చేశాడు.

"యాడుండావురా? మధ్యాహ్నం చేస్తే ఎత్తవే" అంది రెబెక్కమ్మ.

"పనిలో ఉన్నానక్కా. కూడిక బాగా జరిగిందా?"

"దేవుని దయ. బ్రహ్మాండంగా జరిగింది. పొద్దున మాత్రం ఒక దొంగ ముండ ఫోన్ చేసి పానం తీసింది. అది చెప్దామనే నీకు చేసినా."

"ఎవురక్కా?"

"ఎవురో ఆడమనిషి. కొత్త నంబరు. మధ్యాహ్నానికల్లా పాళెంలో ఉండొద్దు, అందర్నీ తీసుకొని కోటకి పోండి అంటది. ఎందుకు పోవాలని అడిగితే చెప్పదు. 'మీ చేతి అన్నం తిన్నదాన్నమ్మా, నా మాట వినండి' అని ఏడస్తది. ఇప్పుడు దొంగలు అన్నీ కనుక్కొనే ఫోన్లు చేస్తుండారు కదరా. ఓటీపీ అడిగేలోపలే కట్ చేసినా."

కిటికీలోంచి ట్యాంకులు వెనక్కి పోతున్నాయి. తను చేయలేని ఫోన్ ఇంకెవరో చేశారు. ఆ చేసిన మనిషిని తను ఇప్పుడే కసురుకొని వచ్చాడు.

"ఏరా, ఉండావా? మంచి పని చేసినా కదా?" అంది రెబెక్కమ్మ.

"చేసినావక్కా. రేపు వస్తా, అన్నం పెట్టు" అని ఫోన్ పెట్టేశాడు.

ముందు సీట్లోంచి పద్మనాభయ్య వెనక్కి తిరిగాడు. ఢిల్లీ ఫారంలో ఒక్క గడి మిగిలింది, అదే ఆయన్ని ఇందాకటి నుంచి చంపుతోంది.

"ఇది తేల్చవయ్యా. ఏంజెలిన్ అసలు ఎవరి వైపు? మన వైపని రాయనా, ముఠా వైపని రాయనా?"

జడ్సన్ కళ్లు తుడుచుకున్నాడు.

"మా అక్క వైపని రాయండి సార్."